యూఎస్‌ఎస్ బేఫీల్డ్: దళాలను ఒడ్డుకు దించిన ఓడ, దాని పాతికేళ్ల ప్రస్థానం

క్లుప్తంగా

అమెరికా నౌకాదళానికి చెందిన యూఎస్‌ఎస్ బేఫీల్డ్ 1943 నుంచి 1968 దాకా పనిచేసిన అటాక్ ట్రాన్స్‌పోర్ట్ నౌక. నార్మండీ, దక్షిణ ఫ్రాన్స్, ఇవో జిమా, ఒకినావా దాడుల్లోనూ, ఆ తర్వాత కొరియా, వియత్నాం యుద్ధాల్లోనూ పాలుపంచుకుంది. ఇలాంటి ఓడ సత్తా ఫిరంగుల్లో ఉండదు. మనుషుల్ని, సరంజామాని ఏ వరుసలో ఎక్కించారు, ఎంత త్వరగా చిన్న పడవల్లోకి దించారు అన్నదాంట్లోనే అంతా ఉంటుంది. దించే పద్ధతి మరీ నిదానం కావడంతో అణుబాంబు, హెలికాప్టర్ వచ్చాక వీటికి కాలం చెల్లింది. ఇవాళ విశాఖపట్నంలో కనిపించే ఐఎన్‌ఎస్ జలాశ్వ వీటి తర్వాతి తరం ఓడ.

సరుకు ఓడగా మొదలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి చదివేవాళ్లకు యుద్ధనౌకలు, విమానవాహక నౌకలు, జలాంతర్గాములు బాగా తెలుసు. అటాక్ ట్రాన్స్‌పోర్ట్ అనగానే మాత్రం గందరగోళం మొదలవుతుంది. పేరులో దాడి ఉంది. చూస్తే ఫిరంగులు నామమాత్రం. ఆకారం సరుకు ఓడది, లోపల రైలు జనరల్ బోగీలా కిక్కిరిసిన జనం. ఇంతకీ అది దాడి చేసేదా, మోసుకెళ్లేదా?

మోసుకెళ్లేదే. దాడి చేసేది అది మోసుకెళ్లే పడవలు, వాటిలో కూర్చున్న మనుషులు.

బేఫీల్డ్ పుట్టుకతో యుద్ధనౌక కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్టర్న్ పైప్ అండ్ స్టీల్ కంపెనీ యార్డులో ‘సీ బాస్’ అనే పేరుతో సరుకు ఓడగా దాన్ని కట్టారు. 1943 ఫిబ్రవరిలో నీళ్లలోకి దించాక న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు తీసుకెళ్లి యుద్ధ అవసరాలకు తగ్గట్టు మార్చారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక కౌంటీ పేరు పెట్టి 1943 నవంబరు 20న విధుల్లోకి తీసుకున్నారు. దాదాపు 492 అడుగుల పొడవు, నిండా ఎక్కిస్తే సుమారు 16 వేల టన్నులు, వేగం 18 నాట్ల దరిదాపుల్లో. ఓడ సిబ్బంది 500కు పైగా ఉంటే, వాళ్లు కాక మరో పదిహేను వందల మంది సైనికులకు చోటు.

కొత్తగా గీసుకుని కట్టకుండా ఉన్న సరుకు ఓడనే మార్చడానికి కారణం కాలం. అమెరికా మారిటైమ్ కమిషన్ అప్పటికే కొన్ని రకాల సరుకు ఓడలకు ఒకే నమూనా ఖరారు చేసి, వేర్వేరు యార్డుల్లో వరుసగా కట్టిస్తోంది. బేఫీల్డ్‌ది అందులో సీ-3 నమూనా. పెద్ద సరుకు గదులు, బరువులెత్తే క్రేన్లు, కాన్వాయ్‌తో పాటు నడవగల వేగం దానికి ముందే ఉన్నాయి. అదనంగా కావలసినవి బంకులు, వంటశాలలు, ఆపరేషన్ గది, విమానాల మీద కాల్చే తుపాకులు, అన్నిటికీ మించి ఓడ పక్కల వేలాడే పడవలు.

1943 ఫిబ్రవరి 1న అమెరికా నౌకాదళం ఈ ఓడలను మామూలు రవాణా ఓడల నుంచి వేరు చేసి ‘ఏపీఏ’ అనే కొత్త గుర్తు కేటాయించింది. బేఫీల్డ్ సంఖ్య ఏపీఏ-33. ఇది కాగితం మీది మార్పు మాత్రమే కాదు. మామూలు రవాణా ఓడకు రేవు కావాలి, జెట్టీ కావాలి, దించడానికి కళాసీలు కావాలి. అటాక్ ట్రాన్స్‌పోర్ట్‌కు ఇవేవీ అక్కర్లేదు. శత్రువు చేతిలో ఉన్న ఇసుక ఒడ్డు ఎదురుగా లంగరేసి, తన పడవలతో, తన మనుషులతోనే దించుకోవాలి.

ఓడను నడిపింది నౌకాదళం వాళ్లు కాదు, కోస్ట్ గార్డ్ సిబ్బంది. తొలి కెప్టెన్ లిండన్ స్పెన్సర్ కూడా కోస్ట్ గార్డ్ అధికారే. తీరంలో చిక్కుకున్న వాళ్లను కాపాడే పని వాళ్లకు తరాలుగా అలవాటు. విరిగే అలల మధ్య చిన్న పడవను ఒడ్డుకు తీసుకెళ్లి, తిరగబడకుండా వెనక్కి తెచ్చే ఒడుపు యుద్ధం మొదలైన రోజుల్లో వాళ్లకు ఉన్నంతగా నౌకాదళంలో ఎక్కువ మందికి లేదు.

ఎక్కించే వరుస

ఇల్లు మారేటప్పుడు పాలు పొంగించే గిన్నె, స్టవ్ లారీలో చివర ఎక్కిస్తాం, కొత్త ఇంట్లో ముందు దిగాలని. అటాక్ ట్రాన్స్‌పోర్ట్‌లో సరుకు సర్దే సూత్రం అదే. ఒడ్డున మొదటి గంటలో కావలసినవి అన్నిటికన్నా పైన ఉండాలి. తూటాలు, మందులు, నీళ్లు, వైర్‌లెస్ సెట్లు, తర్వాత జీపులు, తర్వాత ఫిరంగులు, గుడారాలు అడుగున. పైగా ఒక దళం మనుషులు, వాళ్ల ఆయుధాలు, వాళ్ల తిండి ఒకే ఓడలో ఉండాలి. తూటాలు ఒక ఓడలో, తుపాకులు ఇంకో ఓడలో ఉంటే, ఒక ఓడ మునిగిపోతే రెండోది దండగ.

ఇందుకు చెల్లించే ధర చోటు. వ్యాపార ఓడలో ఒక్క అంగుళం ఖాళీ ఉంచరు. యుద్ధ వరుసలో సర్దితే చాలా ఖాళీ మిగిలిపోతుంది. వ్యాపారానికి అలవాటుపడ్డ వాళ్లకు ఇది వృథాగా కనిపించేది. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1915లో టర్కీలోని గల్లీపోలీ దగ్గర బ్రిటన్‌కు తెలిసొచ్చింది. ఓడల్లో సామాను వచ్చింది వచ్చినట్టు ఎక్కించడంతో, దాడికి ముందు వాటిని ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు మళ్లించి, అంతా దించి, మళ్లీ ఎక్కించారు. మార్చిలో ఓడలు వెనక్కి మళ్లాయి, దాడి జరిగింది ఏప్రిల్ 25న. ఆ జాప్యానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. ఆ వారాల్లో టర్కీ సైన్యం మాత్రం కందకాలు తవ్వుకుంది.

అమెరికాకు ఆ పాఠం 1942లో ఎదురైంది. పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి మీద దాడికి ముందు న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ రేవులో, వ్యాపార పద్ధతిలో ఎక్కించి తెచ్చిన సరుకును మెరైన్లే (సముద్రం మీంచి దిగి పోరాడే అమెరికా దళం) దించి మళ్లీ సర్దుకున్నారు. చలికాలం వాన, నానిపోయి చిరిగిన అట్టపెట్టెలు, రేవు నిండా ఒలికిన తిండి సామాను. ఆగస్టు 7న దాడి జరిగింది. 9న జపాన్ నౌకలకు భయపడి ఓడలు సగం సరుకుతోనే వెనుదిరిగాయి. ఒడ్డున మిగిలిన మెరైన్లు కొన్ని వారాలపాటు రోజుకు రెండు పూటలే తిన్నారు. సర్దిన తీరు, దించిన వేగం సైనికుడి కడుపును నేరుగా తాకుతాయనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు. బేఫీల్డ్ విధుల్లోకి వచ్చేనాటికి ఈ అనుభవమంతా నియమాలుగా మారింది. సర్దుడు వ్యవహారం చూడటానికే ప్రతి ఓడలో సైన్యం తరఫున ఒక అధికారి ఉండేవాడు.

వల మీంచి పడవలోకి

బేఫీల్డ్ అసలు ఆయుధం దాని పక్కల వేలాడే ఎల్‌సీవీపీ పడవలు. న్యూఆర్లీన్స్‌లో ఆండ్రూ హిగ్గిన్స్ రూపొందించిన పడవలివి. 36 అడుగుల పొడవు, ఎక్కువ భాగం ప్లైవుడ్. ముందుభాగం తలుపులా ముందుకు వాలుతుంది. 36 మంది సైనికులు, లేదా ఒక జీపు పడతాయి. అడుగు లోతు తక్కువ కాబట్టి దాదాపు ఇసుక దాకా వెళ్లి, మనుషుల్ని దించి, వెనక్కి లాక్కుని వచ్చేస్తుంది.

పడవను ఓడ నుంచి దించడం ఒక ఎత్తు, అందులోకి మనిషిని దించడం ఇంకో ఎత్తు. ఓడ అంచు నుంచి నీటి దాకా తాళ్ల వలలు వేలాడదీసేవారు. వీపున బరువుతో, భుజాన తుపాకీతో సైనికుడు ఆ వల పట్టుకుని కిందికి దిగాలి. శిక్షణలో పదేపదే చెప్పే నియమం ఒకటుంది: చేతులు నిలువు తాళ్ల మీదే ఉండాలి, అడ్డ తాళ్లు పట్టుకోకూడదు. అడ్డ తాళ్లు పైవాడి బూటు పడే మెట్లు. హెల్మెట్ పట్టీ విప్పి ఉంచాలి, నీళ్లలో పడితే అది గొంతు బిగించకుండా. చివరి నాలుగడుగులు అన్నిటికన్నా ప్రమాదం. అలకు పడవ పైకి లేస్తుంది, మరుక్షణం కిందికి జారుతుంది. పైకి లేచినప్పుడు కాలు పెట్టాలి. క్షణం అటూ ఇటూ అయితే పడవకూ ఓడకూ మధ్య నలిగిపోవడమో, బరువుతో సహా మునిగిపోవడమో. శత్రువు తుపాకీ పేలకముందే కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు ఉండేవారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పదిహేను వందల మందికి, పడవకు 36 మంది చొప్పున నలభైకి పైగా పడవలు కావాలి. ఓడ దగ్గర ఉన్నవి అన్నీ కలిపినా అంతకన్నా తక్కువే. అందులో కొన్ని సరుక్కి, కొన్ని అధికారులకు, కొన్ని దారి చూపడానికి. అంటే ఒక్క విడతలో అందరూ దిగలేరు. నిండిన పడవలు ఒకచోట గుండ్రంగా తిరుగుతూ మిగిలిన వాటి కోసం ఎదురుచూస్తాయి. అన్నీ చేరాక వరుసగా ఒక గీత దగ్గరికి వెళ్లి, సైగ అందగానే అలలు అలలుగా ఒడ్డుకు పరిగెడతాయి. దించివచ్చిన పడవలు మళ్లీ ఓడకు వచ్చి రెండో విడతను తీసుకెళ్తాయి. వచ్చేటప్పుడు ఖాళీగా రావు. గాయపడినవాళ్లను తెస్తాయి. అందుకే ప్రతి అటాక్ ట్రాన్స్‌పోర్ట్‌లో డాక్టర్లు, ఆపరేషన్ గది ఉండేవి. మధ్యాహ్నానికల్లా ఆ ఓడ ఆసుపత్రి అయిపోయేది.

ఈ ఏర్పాటంతటిలో గడియారమే బలహీనత. గంటల తరబడి ఓడ ఒకేచోట లంగరేసి నిలబడాలి.

రిహార్సల్‌లోనే 749 మంది

1944 వసంతంలో బేఫీల్డ్ ఇంగ్లండ్ చేరి రియర్ అడ్మిరల్ డాన్ మూన్‌కు అధికార నౌక (కమాండర్ ఉండి ఆదేశాలిచ్చే ఓడ) అయింది. నార్మండీలో యూటా అని పేరు పెట్టిన తీరానికి దళాలను చేర్చే బాధ్యత ఆయనది. అందుకు రిహార్సల్‌గా డెవన్ తీరంలో స్లాప్టన్ శాండ్స్ దగ్గర ‘ఎక్సర్‌సైజ్ టైగర్’ నడిచింది.

ఏప్రిల్ 28 తెల్లవారుజామున లైమ్ అఖాతంలో ఎనిమిది పెద్ద ల్యాండింగ్ నౌకల (ఎల్‌ఎస్‌టీ) వరుస మీద జర్మన్ టార్పెడో పడవలు తొమ్మిది విరుచుకుపడ్డాయి. రెండు ఎల్‌ఎస్‌టీలు మునిగిపోయాయి, మరొకటి దెబ్బతింది. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం 749 మంది అమెరికన్లు చనిపోయారు.

కారణాలన్నీ చిన్నవే. తోడు రావలసిన బ్రిటిష్ డిస్ట్రాయర్ దెబ్బతిని రేవులో ఉండిపోయింది. ఆ సంగతి కాన్వాయ్‌కు చేరలేదు. బ్రిటిష్ నౌకలు, అమెరికన్ నౌకలు వేర్వేరు వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీల మీద ఉన్నాయి, టైపింగ్‌లో జరిగిన పొరపాటు వల్ల. చాలామంది సైనికులు లైఫ్‌బెల్టును చంకల కింద కాకుండా నడుముకు కట్టుకున్నారు. వీపు మీది బరువుకు అది వాళ్లను తలకిందులు చేసింది. తర్వాతి రోజుల్లో ఫ్రీక్వెన్సీలు ఒకటి చేశారు, లైఫ్‌బెల్టు వాడకం నేర్పారు, నీళ్లలో పడ్డవాళ్లను ఏరుకోవడానికి చిన్న పడవలు ఏర్పాటు చేశారు. మరణాల సంగతి దాడి జరిగేదాకా గుట్టుగా ఉంచారు.

యూటా తీరం: తప్పిన చోటే కలిసొచ్చింది

జూన్ 6న తెల్లవారుజాము రెండున్నర ప్రాంతంలో బేఫీల్డ్ యూటా ఎదురుగా లంగరేసింది. ఓడలో అడ్మిరల్ మూన్‌తో పాటు ఏడో కోర్ కమాండర్ జనరల్ లాటన్ కాలిన్స్, నాలుగో పదాతి డివిజన్ కమాండర్ జనరల్ రేమండ్ బార్టన్ ఉన్నారు. ఒడ్డు పదకొండు మైళ్లకు పైగా దూరం. అంత దూరంలో ఆగింది జర్మన్ తీర ఫిరంగులకు అందకుండా ఉండటానికి. పూర్తి వేగంతో పోతే పడవకు గంట పైన పట్టే దూరమది. నిండా మనుషులతో, ఎదురు అలల్లో, చీకట్లో, పక్క పడవతో వరుస తప్పకుండా పోవాలంటే రెండు, మూడు గంటలు. ఆరున్నరకు కాలు మోపాలంటే ఓడ లంగరేసిన వెంటనే వలలు దిగాలి. సముద్రపు వాంతులతో, తడిసిన బట్టలతో ఒడ్డు చేరిన సైనికుడి ఓపిక ఎంత మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

దారి చూపవలసిన నియంత్రణ నౌకల్లో ఒకటి మందుపాతరకు బలైంది. ఒడ్డంతా పొగ, దుమ్ము. ప్రవాహం పడవలను దక్షిణానికి లాగింది. మొదటి వరుస అనుకున్న చోటికి దాదాపు రెండు వేల గజాల అవతల దిగింది. తీరా చూస్తే అక్కడ కాపలా పలచగా ఉంది. వచ్చే వరుసలన్నిటినీ అక్కడికే రప్పించారు. ఆ రోజు 21 వేలకు పైగా సైనికులు యూటాలో దిగితే, నాలుగో డివిజన్‌లో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 200 లోపే.

అదే ఉదయం పక్కనున్న ఒమాహా తీరంలో నష్టం రెండు వేలు దాటింది. అక్కడికి దళాలను తెచ్చిన ఓడల్లో శామ్యూల్ చేజ్ కూడా కోస్ట్ గార్డ్ నడిపిన అటాక్ ట్రాన్స్‌పోర్టే. ఓడలు ఒకే రకం, పడవలు ఒకే రకం, దూరం కూడా ఇంచుమించు ఒకటే. తేడా వేరేచోట ఉంది. ఒమాహాలో ఇసుక వెనకే ఎత్తైన గట్లు, వాటి మీద బలమైన జర్మన్ దళం. విమానాల బాంబులు అక్కడ లోపలికి దూరంగా పడ్డాయి, యూటాలో ఒడ్డు మీదే పడ్డాయి. యూటాకు పడమటి గాలి నుంచి కోటెంటిన్ ద్వీపకల్పం చాటు ఉంది, ఒమాహాకు లేదు.

నీటి మీద తేలే ట్యాంకుల విషయం మరీ చెప్పుకోదగ్గది. నియంత్రణ నౌక పోవడంతో యూటాలో వాటిని అనుకున్నదానికన్నా ఒడ్డుకు బాగా దగ్గరికి తెచ్చి వదిలారు. 32లో 28 ఒడ్డు చేరాయి. ఒమాహాలో ఒక ట్యాంకు దళం 29ని దూరంగానే నీళ్లలోకి వదిలితే 27 మునిగిపోయాయి. ఓడ నుంచి ఒడ్డుకు మధ్యనున్న నీళ్లే ఇలాంటి దాడిలో మొదటి శత్రువు.

బేఫీల్డ్ మర్నాడు ఒడ్డుకు దగ్గరగా జరిగి, దాదాపు మూడు వారాలు అక్కడే ఉంది. ఆదేశాలు వెళ్లేది ఇక్కణ్నుంచే, సరుకు లెక్క ఇక్కడే, గాయపడినవాళ్లు చేరేది ఇక్కడికే. దాని నుంచి దిగిన చిన్న రాకెట్ పడవల్లో ఒకదానిలో 19 ఏళ్ల గన్నర్ ఒకడు ఉన్నాడు. యుద్ధం తర్వాత న్యూయార్క్ యాంకీస్ జట్టులో అమెరికాలో ఇంటింటికీ తెలిసిన బేస్‌బాల్ ఆటగాడైన యోగి బెర్రా అతనే.

దక్షిణ ఫ్రాన్స్

నార్మండీ అవగానే విశ్రాంతి లేకుండా బేఫీల్డ్‌ను మధ్యధరా సముద్రానికి పంపారు. దక్షిణ ఫ్రాన్స్ మీద దాడికి పది రోజుల ముందు, ఆగస్టు 5న నేపుల్స్ రేవులో ఓడలోని తన క్యాబిన్‌లోనే అడ్మిరల్ మూన్ ఆత్మహత్య చేసుకున్నారు. యుద్ధం తెచ్చిన అలసటే కారణమని నౌకాదళం తేల్చింది. రియర్ అడ్మిరల్ స్పెన్సర్ లూయిస్ ఆ బాధ్యత తీసుకున్నారు.

ఆగస్టు 15న 36వ పదాతి డివిజన్ సెయింట్ రఫాయెల్ ప్రాంతంలో దిగింది. అనుకున్న తీరాల్లో ఒకదాని ముందు మందుపాతరలు, కాల్పులు గట్టిగా ఉన్నాయి. లూయిస్ అక్కడి దళాన్ని అప్పటికే చేజిక్కిన పక్క తీరానికి మళ్లించారు. సైన్యంలోని పై అధికారికి అది నచ్చలేదు. ప్రాణనష్టం మాత్రం తగ్గింది. అటాక్ ట్రాన్స్‌పోర్ట్ పద్ధతిలో ఉన్న గొప్ప వెసులుబాటు ఇది: పడవలు నీళ్లలో ఉన్నంతసేపూ చోటు మార్చుకోవచ్చు.

ఇవో జిమా, ఒకినావా

1945 ఫిబ్రవరిలో జపాన్ దీవి ఇవో జిమా దగ్గర పడవల పరిమితి తేటతెల్లమైంది. అక్కడి ఒడ్డు అగ్నిపర్వతపు నల్ల బూడిద ఇసుక. కాలు దిగబడుతుంది, చక్రం తిరగదు. ఒడ్డు నిటారుగా ఉండటంతో అల నేరుగా వచ్చి పడవ మీద విరుగుతుంది. ముందు తలుపు తెరిచిన పడవలోకి నీళ్లు కొట్టి, అడ్డం తిరిగి, ఇసుకలో కూరుకుపోయేవి. విరిగిన పడవలు వెనక వచ్చే వాటికి దారి లేకుండా పోగుపడ్డాయి. నార్మండీలో పనికొచ్చిన ప్లైవుడ్ పడవ ఇక్కడ ఒక్క రోజులో చెత్తగా మారింది. మొదటి వరుసలు నేల మీదా నీటిలోనూ నడిచే ఆమ్‌ట్రాక్ బండ్ల మీద పోవడానికి ఇదొక కారణం. ఇక్కడా బేఫీల్డ్ ఒకవైపు మెరైన్లను దించుతూ, మరోవైపు గాయపడినవాళ్లను ఎక్కించుకుంది. సురిబాచి కొండ మీద ఫిబ్రవరి 23న మొదట ఎగిరిన జెండా కూడా మిస్సౌలా అనే మరో అటాక్ ట్రాన్స్‌పోర్ట్ నుంచి తీసుకెళ్లిందే. లోకమంతా ఎరిగిన ఫొటోలో ఉన్నది అదే రోజు దాని బదులు ఎగరేసిన పెద్ద జెండా.

ఏప్రిల్ 1న ఒకినావాలో బేఫీల్డ్‌కు దక్కింది నటించే పాత్ర. అసలు దాడి పడమటి తీరంలో జరుగుతుంటే, ఆగ్నేయ తీరం ఎదురుగా రెండో మెరైన్ డివిజన్‌ను మోసుకొచ్చిన ఓడలు పడవలు దించి, వరుస కట్టి, ఒడ్డుకు పరిగెత్తినట్టు చేసి వెనక్కి మళ్లాయి. అక్కడి జపాన్ దళాలను కదలనివ్వకుండా పట్టి ఉంచడం ఉద్దేశం. ఆ ఉదయమే ఆత్మాహుతి విమానాలు ఈ నకిలీ దాడి ఓడల మీద పడ్డాయి. అటాక్ ట్రాన్స్‌పోర్ట్ హిన్స్‌డేల్, ఎల్‌ఎస్‌టీ-884 దెబ్బతిన్నాయి. నిజంగా ఒడ్డెక్కిన దళాలకన్నా, ఎక్కినట్టు నటించిన దళానికే ఆ రోజు నష్టం ఎక్కువ. ఒడ్డు మీద శత్రువు లేకపోయినా, ఆగి ఉన్న ఓడకు భద్రత లేదని అక్కడ తేలిపోయింది.

బికినీ పరీక్ష తర్వాత

యుద్ధం ముగిశాక ఇవే ఓడలు లక్షల మంది సైనికులను ఇంటికి చేర్చాయి. ఆ తర్వాత వందల సంఖ్యలో మిగిలిపోయిన అటాక్ ట్రాన్స్‌పోర్ట్‌లను ఏం చేయాలన్నది సమస్య. చాలావాటిని మూలన కట్టేశారు. కొన్నిటిని 1946 జులైలో పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షకు లక్ష్యాలుగా నిలబెట్టారు. మొదటి పేలుడులోనే గిలియం, కార్లైల్ అనే రెండు అటాక్ ట్రాన్స్‌పోర్ట్‌లు మునిగాయి.

ఆ పరీక్ష చూసి వచ్చిన మెరైన్ జనరల్ రాయ్ గైగర్ తన పై అధికారికి ఒక లేఖ రాశారు. ఒకినావాలో మెరైన్లను స్వయంగా నడిపిన మనిషాయన. ఒక తీరం ఎదురుగా ఓడలన్నీ గుంపుగా ఆగే పాత పద్ధతి ఇక సాగదని, ఒక్క బాంబుతో అంతా పోతుందని దాని సారాంశం. ఓడలు దూరదూరంగా, కదులుతూ ఉండాలి. మనుషుల్ని గాల్లో తీసుకెళ్లాలి. ఆ ఆలోచన హెలికాప్టర్ల వైపు దారితీసింది. హెలికాప్టర్ల కోసమే కట్టిన తొలి ఓడలు 1961 నుంచి వచ్చాయి.

కొత్తవి వచ్చేదాకా పాతవాటితోనే నెట్టుకురావాలి. బేఫీల్డ్ కొరియా యుద్ధానికి వెళ్లింది. 1954లో జెనీవా ఒప్పందం వియత్నాంను రెండుగా విడదీసినప్పుడు ఉత్తరాన హైఫాంగ్ రేవు నుంచి దక్షిణాన సైగాన్ వైపు శరణార్థులను చేర్చిన ఓడల్లో అదీ ఉంది. అమెరికా నౌకాదళం ఆ తరలింపులో మూడు లక్షలకు పైగా జనాన్ని చేర్చింది. సైనికుల కోసం వేసిన బంకుల్లో పిల్లాపాపలతో కుటుంబాలు ప్రయాణించాయి. వేలమందికి వండగల వంటశాల, మంచినీళ్లు, డాక్టర్లు ఉన్న ఓడ యుద్ధం లేనప్పుడు కూడా ఊరికే పోదు.

1965 ఆగస్టులో వియత్నాంలోని చు లాయ్ దగ్గర జరిగిన ఆపరేషన్ స్టార్‌లైట్‌లో పాతా కొత్తా పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక మెరైన్ బెటాలియన్ బేఫీల్డ్, కాబిల్డో, వెర్నన్ కౌంటీ అనే మూడు ఓడల మీద వచ్చి సముద్రం వైపు నుంచి ఒడ్డెక్కింది. మరో బెటాలియన్ హెలికాప్టర్లలో లోపలి వైపు దిగి దారి మూసింది. సముద్రం నుంచి వచ్చినవాళ్లు సుత్తి అయితే, గాల్లో వచ్చినవాళ్లు దాగలి. ఇరవై ఏళ్ల కిందట ఇదే పని సముద్రం వైపు నుంచి మాత్రమే సాధ్యం. మూడేళ్ల తర్వాత, 1968 జూన్‌లో బేఫీల్డ్‌ను విధుల నుంచి తప్పించారు. 1969లో పాత ఇనుము కింద అమ్మేశారు.

విశాఖలో తర్వాతి తరం

వలల బదులు ఏమొచ్చింది? విశాఖ తీరంలో ఐఎన్‌ఎస్ జలాశ్వను చూస్తే జవాబు దొరుకుతుంది. 1971లో అమెరికా నౌకాదళంలో యూఎస్‌ఎస్ ట్రెంటన్‌గా చేరిన ఈ ఓడను భారత్ కొని 2007 జూన్‌లో నౌకాదళంలో చేర్చుకుంది. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న విశాఖే దాని స్థావరం. వెనుక భాగంలో పెద్ద తలుపు, దాని లోపల కొలను లాంటి గది. ఓడ తన ట్యాంకుల్లోకి నీళ్లు ఎక్కించుకుని కాస్త కిందికి దిగితే ఆ గదిలోకి సముద్రం వచ్చేస్తుంది. ట్యాంకులు, సైనికులు ముందే ఎక్కి కూర్చున్న పడవలు అందులోంచి తేలుతూ బయటికి వెళ్లిపోతాయి. పైన డెక్కు మీద హెలికాప్టర్లు. వల పట్టుకుని దిగే పని, పడవ ఊపు చూసి కాలు పెట్టే టెన్షన్ లేవు. దాదాపు వెయ్యి మంది సైనికులను తీసుకెళ్లగలదు. బేఫీల్డ్ కన్నా సంఖ్య తక్కువే, దించే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ.

భారత్‌కు ఇలాంటి ఓడ అవసరం 1971 యుద్ధంలోనే తెలిసొచ్చింది. ఆ డిసెంబరులో కాక్స్ బజార్ దగ్గర దళాలను దించడానికి ఒక వాణిజ్య నౌకలో సైనికులను తెచ్చి, నడిసముద్రంలో చిన్న ల్యాండింగ్ నౌకల్లోకి మార్చారు. ఒడ్డు వాలు అంచనా తప్పడంతో కొందరు లోతు నీళ్లలో దిగి మునిగిపోయారు. శత్రువు కాల్పులు లేకుండానే జరిగిన నష్టమది.

జలాశ్వ కొనుగోలు మీద విమర్శలూ వచ్చాయి. 36 ఏళ్ల పాత ఓడను కొన్న తీరును కాగ్ 2008లో తప్పుపట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఓడలో విషవాయువు లీకై ఆరుగురు సిబ్బంది మరణించారు. మరోవైపు 2020 మేలో కరోనా లాక్‌డౌన్ వేళ మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది ఈ ఓడే. 1954లో బేఫీల్డ్ చేసిన పనికి, దీనికి పోలిక స్పష్టంగానే ఉంది.

బేఫీల్డ్‌ను పాతికేళ్లకే తుక్కు కింద పంపారు. జలాశ్వ వయసు ఇప్పటికే యాభై దాటింది. ఈ తరహా ఓడలు నాలుగింటిని దేశంలోనే కట్టాలన్న నౌకాదళం ప్రతిపాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. మొదటిది నీళ్లలోకి దిగేలోగా జలాశ్వ తప్పుకోవలసి వస్తే, విశాఖ నుంచి ఒక్క విడతలో ఇన్ని వందల మందిని రేవు లేని ఒడ్డుకు చేర్చగల సామర్థ్యానికి గండి పడుతుంది. మిగిలిన ల్యాండింగ్ నౌకలు ముక్కు ఒడ్డుకు ఆనించి దించే రకం. అండమాన్ దీవులకు తుపానో భూకంపమో వచ్చి జెట్టీలు దెబ్బతింటే ఆ తేడా ముందుగా బయటపడేది అక్కడే.